గులాం అహ్మద్‌ను తూచిన తక్కెడ

భారత క్రికెట్ చరిత్రలో ఆఫ్‌స్పిన్నర్ గులాం అహ్మద్‌కు సాధారణంగా దక్కేది ఒకటే వాక్యం. 1958-59లో వెస్టిండీస్ మీద ఒక్క సిరీస్‌లోనే నలుగురు కెప్టెన్లు మారారని చెబుతూ ఉమ్రిగర్, గులాం అహ్మద్, వినూ మన్కడ్, హేమూ అధికారి అని పేర్లు వల్లిస్తారు. మూడు టెస్టులకు నాయకత్వం, రెండు ఓటములు, ఒక డ్రా అని రాసి ఆ ఖాతా మూసేస్తారు. ఆఫ్‌స్పిన్ ముచ్చట వస్తే కథ నేరుగా ప్రసన్నతోనే మొదలుపెడతారు. ఈ రెండు లెక్కలూ నాకు సరిగా కనిపించవు.

తొలి రోజుల సంగతి క్లుప్తంగా చెబుతాను. 1922 జులై 4న హైదరాబాద్‌లో పుట్టారు. హైదరాబాద్ జట్టు 1937-38లో నవానగర్‌ను ఒక్క వికెట్ తేడాతో ఓడించి రంజీ ట్రోఫీ గెలిచిన రెండేళ్లకు, 1939-40లో ఆ జట్టులోకి వచ్చారు. 1948 డిసెంబరు 31న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో తొలి టెస్టు ఆడారు. అప్పటి హైదరాబాద్ సంస్థానంలో మన ఆదిలాబాద్ జిల్లా, బోథ్ తాలూకా కూడా భాగమే. జట్టు పేరు సంస్థానానిదే అయినా ఆట సాగిందంతా జంట నగరాల మైదానాల్లో. ఈ సంగతికి చివర్లో మళ్లీ వస్తాను.

ముందు బౌలర్ సంగతి. పొడగరి. చెయ్యి బాగా పైకెత్తి బంతి వదిలేవారు. అంత ఎత్తునుంచి దిగే ఆఫ్‌బ్రేక్ బ్యాట్స్‌మన్ అనుకున్న చోటికి కొంచెం ముందే పడి, మామూలుకన్నా ఎక్కువ లేస్తుంది. ముందుకొచ్చినవాడు బంతిని అందుకోలేడు, వెనక్కి తగ్గినవాడికి అది గ్లవుజు మీదికి వస్తుంది. ఓపిక ఇంకా పెద్ద ఆస్తి. 1950-51 రంజీ సెమీఫైనల్లో హోల్కర్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లో 92.3 ఓవర్లు వేశారు. అంటే 555 బంతులు! 245 పరుగులిచ్చి తీసింది 4 వికెట్లే. ఈ రోజుల్లో అంతసేపు ఒక స్పిన్నర్ చేతిలో బంతి ఉంచే కెప్టెనూ లేడు, ఉంచుకునే స్పిన్నరూ లేడు.

1952 లీడ్స్ టెస్టు అనగానే రెండో ఇన్నింగ్స్‌లో భారత్ సున్నా పరుగులకు నాలుగు వికెట్లు పోగొట్టుకున్న దృశ్యం, కొత్త కుర్రాడు ట్రూమన్ వేగం గుర్తుకొస్తాయి. అదే మ్యాచ్‌లో మన్కడ్ లేకుండా, గుప్తే లేకుండా స్పిన్ భారం చాలావరకు మోసి, 63 ఓవర్లు వేసి 100 పరుగులకు 5 వికెట్లు తీసిన గులాం ఎవరికీ గుర్తుండరు. ఆ సిరీస్‌లో నాలుగు టెస్టుల్లో 15 వికెట్లతో మన బౌలర్లలో మొదటివారు ఆయనే. అదే ఏడాది ఢిల్లీలో పాకిస్తాన్ మీద ఆఖరి వికెట్‌కు అధికారితో కలిసి 109 పరుగులు జోడించారు. అందులో ఆయనవి 50. 2004లో ఢాకాలో టెండూల్కర్, జహీర్ ఖాన్ దాటేదాకా భారత్‌కు అదే రికార్డు.

ఇక కెప్టెన్సీ. అసలు వివాదం ఇక్కడే.

1955 నవంబరులో ఫతే మైదాన్‌లో, అంటే నేటి లాల్ బహదూర్ స్టేడియంలో, న్యూజిలాండ్‌తో హైదరాబాద్ తొలి టెస్టు జరిగింది. గులాం కెప్టెన్. తర్వాతి నాలుగు టెస్టులకు ఉమ్రిగర్ నాయకుడు. దీన్ని సొంతూళ్లో టెస్టు గనుక స్థానికుడికి దక్కిన మర్యాదగా తేల్చేయడం తేలిక. కానీ అప్పటిదాకా భారత జట్టును నడిపినవారిని చూడండి: సి.కె.నాయుడు, విజయనగరం మహారాజ్ కుమార్, పెద్ద పటౌడీ, అమర్‌నాథ్, హజారే, మన్కడ్. అందరూ బ్యాట్స్‌మెన్, లేదా ఆల్‌రౌండర్లు, లేదా రాజవంశీకులు. (తెలుగు మూలాలున్నవారు అందులో ఇద్దరని గర్వపడదాం, విజయనగరం వారి ఆట సంగతి పక్కనపెట్టి.) కేవలం బౌలర్‌గా జట్టులో ఉంటూ కెప్టెన్ అయిన మొదటి భారతీయుడు గులాం అహ్మదే. ఆయన తర్వాత వెంకటరాఘవన్, బేడీ, కుంబ్లే వచ్చారు. వాళ్లకు బాట వేసిన మనిషిని మర్యాద కెప్టెన్ అనడం సబబు కాదు.

ఆ టెస్టులో భారత్ 4 వికెట్లకు 498 చేసి డిక్లేర్ చేసింది. ఉమ్రిగర్ 223, భారతీయుడి తొలి టెస్టు డబుల్ సెంచరీ. న్యూజిలాండ్ 326కు ఆలౌటై ఫాలో ఆన్ ఆడింది. రెండో ఇన్నింగ్స్‌లో సట్‌క్లిఫ్ 137తో అజేయంగా నిలిచి 2 వికెట్లకు 212తో ఆట కాపాడాడు. గెలవాల్సిన మ్యాచ్ చేజారిందన్న విమర్శలో కొంత నిజముంది. కానీ తొలి ఇన్నింగ్స్‌లో సుభాష్ గుప్తే 128 పరుగులకు 7 వికెట్లు తీశాడు. మూడేళ్ల తర్వాత కాన్పూర్‌లో వెస్టిండీస్ మీద అదే గుప్తే 102కు 9 తీశాడు. గుప్తే టెస్టు జీవితంలో ఒక ఇన్నింగ్స్‌కు అత్యుత్తమ గణాంకాలు రెండూ గులాం కెప్టెన్సీలోనే వచ్చాయి. యాదృచ్ఛికం కావచ్చు. గుప్తేకి ఎవరైనా బంతి ఇస్తారు కదా అనీ అనవచ్చు. కానీ స్పిన్నరే కెప్టెన్ అయినప్పుడు, వికెట్ తిరుగుతున్నప్పుడు, ఇంకో స్పిన్నర్‌ను ఆపకుండా వేయించడం అందరూ చేసే పని కాదు.

నా వాదనలో ముఖ్యమైన భాగం ఈ రెండు టెస్టుల నడుమ కాలం. 1956 నవంబరులో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద గులాం తొలి ఇన్నింగ్స్‌లో 49 పరుగులకు 7, రెండో దాంట్లో 81కి 3 తీశారు. 10 వికెట్లు తీసినా భారత్ 94 పరుగులతో ఓడింది. మన బ్యాట్స్‌మెన్ రెండుసార్లూ 136కే కుప్పకూలడం, అవతల రిచీ బెనో 11 వికెట్లు తీయడం కారణాలు. అప్పటికి గులాం వయసు 34, ఆఫ్‌స్పిన్నర్‌కు పండిన వయసు. ఆ వెంటనే రెండేళ్లపాటు భారత్ ఒక్క టెస్టు కూడా ఆడలేదు! మళ్లీ టెస్టు క్రికెట్ మొదలైంది 1958 నవంబరు చివర్లోనే. బొంబాయిలో ఉమ్రిగర్ నడిపిన ఆ మొదటి టెస్టులో గులాం లేరు. రెండో టెస్టుకు కెప్టెన్‌గా వచ్చేసరికి ఆయనకు 36. ఎదురుగా హాల్, గిల్‌క్రిస్ట్, సోబర్స్, కన్హాయ్.

కాన్పూర్‌లో తొలి ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ సరిగ్గా 222. అక్కడిదాకా సమఉజ్జీలే. తర్వాత సోబర్స్ 198 కొట్టాడు, వెస్లీ హాల్ రెండు ఇన్నింగ్స్‌లో కలిపి 11 వికెట్లు తీశాడు, భారత్ 203 పరుగులతో ఓడింది. కలకత్తాలో కన్హాయ్ 256, ప్రత్యర్థి 5 వికెట్లకు 614, మన ఓటమి ఇన్నింగ్స్ 336 పరుగులతో. గులాంకు అదే చివరి టెస్టు. మద్రాసు టెస్టుకు మళ్లీ కెప్టెన్‌గా ప్రకటించిన ఉమ్రిగర్ జట్టు ఎంపిక మీద బోర్డుతో పేచీపడి మ్యాచ్ ముందు రోజు తప్పుకున్నారు. మన్కడ్ వచ్చారు, ఓడారు. ఢిల్లీలో అధికారి వచ్చారు. నలుగురు కెప్టెన్ల సిరీస్ అనే ముద్ర ఆటగాళ్ల మీద వేస్తున్నాం గానీ అది వేయాల్సింది జట్టును అటూ ఇటూ లాగినవాళ్ల మీద.

ఆయన గొప్ప వ్యూహకర్త అని నేను చెప్పబోవడం లేదు. మూడు టెస్టులతో అది తేలదు. ఆయన ఫీల్డింగ్ బలహీనమే. తొలి టెస్టు నుంచి చివరి టెస్టు దాకా భారత్ ఆడిన 38 టెస్టుల్లో ఆయన ఆడింది 22. ఆడని వాటిలో 1953 వెస్టిండీస్ పర్యటన మొత్తం ఉంది. కానీ 22 టెస్టుల్లో 68 వికెట్లు, సగటు 30.17, ఫస్ట్‌క్లాస్‌లో 22.57 సగటుతో 407 వికెట్లు తీసిన మనిషిని 36వ ఏట ఆడిన రెండు మ్యాచ్‌లతో తూచడం అన్యాయం. మైదానం విడిచాక 1975 నుంచి 80 దాకా బోర్డు కార్యదర్శిగా పనిచేశారు. 1983 ప్రపంచ కప్ జట్టును ఎంపిక చేసిన కమిటీకి అధ్యక్షుడు ఆయనే. ఆ కప్పు కథ ఎన్నిసార్లు చెప్పుకున్నా ఈ పేరు ఎవరూ ఎత్తరు. 1998 అక్టోబరులో కన్నుమూశారు.

ఆయన వేసిన దారిలో హైదరాబాద్ నుంచి శివలాల్ యాదవ్ 102, అర్షద్ అయూబ్ 41 టెస్టు వికెట్లు తీశారు. ఎడమచేతి వాటంతో వెంకటపతి రాజు, ప్రజ్ఞాన్ ఓఝా వచ్చారు. 2013 నవంబరులో టెండూల్కర్ వీడ్కోలు టెస్టులో ఓఝా 10 వికెట్లు తీసినదే ఆ వరుసలో ఆఖరి టెస్టు. తర్వాత ఖాళీ. హైదరాబాద్ 2022-23 తర్వాత రంజీ ప్లేట్ విభాగానికి జారి, మరుసటి ఏడు గెలిచి పైకి వచ్చింది. హైదరాబాద్ క్రికెట్ సంఘం పాలన 2023లో సుప్రీంకోర్టు నియమించిన ఏకసభ్య కమిటీ చేతికి వెళ్లాల్సి వచ్చింది. నాలుగు ఓవర్లు వేసి పరుగులు ఆపడమే స్పిన్ అనుకునే కాలంలో 63 ఓవర్ల మనిషి పుడతాడని నాకైతే నమ్మకం లేదు.

హైదరాబాద్ క్రికెట్‌లో జిల్లాల వాటా చాలా తక్కువ. 2025 అండర్-19 మహిళల ప్రపంచ కప్‌లో ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచిన, లెగ్‌స్పిన్ కూడా వేసే గొంగడి త్రిషది భద్రాచలం. ఆట నేర్పించడానికి ఆమె కుటుంబం సికింద్రాబాద్‌కు తరలిపోవాల్సి వచ్చింది. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. బోథ్‌లో ఒక పత్తి రైతు తన బిడ్డ కోసం అలా ఇల్లు, చేను వదిలి వెళ్లగలడా? జిల్లాకొక మంచి టర్ఫ్ వికెట్, దాని మీద రెండు మూడు రోజుల మ్యాచ్‌లు, స్పిన్ వేసే పిల్లల చేతికి ఇన్నింగ్స్‌కు కనీసం ఇరవై ఓవర్లు. క్రికెట్ సంఘాన్ని నడిపేవాళ్లను మనం అడగాల్సింది ఇదే.