కాఠిన్యానికి పది మెట్లు

పలకమీద అక్షరాలు దిద్దిన తరాలవారికి బలపం తెలియనిది కాదు. ఆ మెత్తని రాతిలో ప్రధానంగా ఉండే టాల్కు అనే ఖనిజమే, ప్రపంచమంతా వాడే కాఠిన్యపు కొలమానంలో మొదటి మెట్టు అని చదివినప్పుడు నాకు వింతైన సంతోషం కలిగింది. చిట్టచివరి మెట్టు వజ్రం.

ఈ వరుసను పేర్చినవారు ఫ్రీడ్రిష్ మోస్ అనే జర్మన్ ఖనిజశాస్త్రవేత్త. 1802లో ఆయన వియన్నాకు వెళ్లింది వాన్ డెర్ న్యుల్ అనే బ్యాంకరు సేకరించిన ఖనిజాలకు పట్టిక రాయడానికి. రంగును నమ్ముకుంటే రాయి మోసం చేస్తుంది. ఒకే క్వార్ట్జు తెల్లగానూ, ఊదాగానూ, గులాబీగానూ కనిపిస్తుంది. గీసి చూస్తే మాత్రం దాని స్వభావం బయటపడుతుంది. 1812లో గ్రాట్జ్ నగరంలో ఆచార్యుడిగా చేరిన మోస్ పది ఖనిజాలను ఎంచుకున్నారు: టాల్కు, జిప్సం, కాల్సైటు, ఫ్లోరైటు, అపటైటు, ఆర్థోక్లేసు, క్వార్ట్జు, టోపాజు, కురువిందం, వజ్రం. (ఈ కురువిందానికి ఐరోపా భాషల్లో ఉన్న కొరండం అన్న పేరు దక్షిణ భారత భాషల నుంచి వెళ్లినదే.) పై మెట్టుది కింది మెట్టుదాన్ని గీస్తుంది, సూత్రం అంతే. గోరు జిప్సం దాకా గీయగలదు, చాకు అపటైటు దాకా. గీత పడినట్టు కనిపిస్తే వేలితో తుడిచి చూడాలి. చెరిగిపోతే అది గీత కాదు, మెత్తనిదాని పొడి.

గీతకు లొంగకపోవడం వేరు, దెబ్బకు పగలకపోవడం వేరు. తెలుగులో రెంటినీ 'గట్టి' అనే అంటాం కనుక ఈ తేడా మరుగున పడుతుంది. వజ్రాన్ని దాగలిమీద పెట్టి కొట్టినా చెక్కు చెదరదని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. నిజానికి సుత్తిదెబ్బకు వజ్రం కొన్ని తలాల వెంట చీలిపోతుంది. ఆ మాట నమ్మి ఎవరెవరు ఎన్ని వజ్రాలను ముక్కలు చేసుకున్నారో!

మోస్ అంకెలను కొలతలుగా తీసుకోవడం మరో పొరపాటు. అవి తరగతిలో ర్యాంకుల వంటివి; మొదటివాడికీ రెండోవాడికీ మార్కుల తేడా ఎంతో ర్యాంకు చెప్పదు. 1939లో అమెరికాలో రూపొందిన నూప్ పద్ధతిలో వజ్రపు మొనను ఖనిజం మీద నొక్కి, పడిన గుంటను సూక్ష్మదర్శినితో కొలుస్తారు. ఆ లెక్కన కురువిందం సుమారు 2,000. వజ్రం 7,000 పైమాటే. మోస్ వరుసలో వాటి మధ్య ఒక్క మెట్టే!

అయినా కొండల్లో తిరిగేవారికి నూప్ యంత్రం ఎక్కడిది? జేబులో చాకు చాలునన్న మోస్ పద్ధతే నాకు ఇష్టం. ఆ చాకుకు కూడా చిక్కుముడి వేసే ఖనిజం ఒకటుంది: మన ఖమ్మం ప్రాంతంలోనూ దొరికే కయనైటు. పొడుగునా గీస్తే చాకుకు లొంగుతుంది, అడ్డంగా గీస్తే లొంగదు.