పాముకాటు: లెక్కకు రాని చావులు

పాముకాటుకు చరిత్ర యేమిటని యెవరైనా అడగవచ్చు. పాము యెప్పుడూ కరుస్తూనే వున్నది, మనిషి యెప్పుడూ చస్తూనే వున్నాడు. ఇందులో మారిన దేమున్నదని అనిపించవచ్చు. కాని పాము యెవరిని కరుస్తున్నది, కరిచినవాడికి మందు అందుతున్నదా, చచ్చినవాడు యే లెక్కలో చేరుతున్నాడు అని ప్రశ్నించుకుంటే, యిది ప్రకృతి చరిత్ర మాత్రమే కాదనీ, సంఘ చరిత్ర అనీ బోధపడుతుంది.

ఈ చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం మన తెలుగుగడ్డ మీదనే నడిచింది. 1785లో ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా చేరిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్టణంలో వుండి కోరమండల్ తీరపు పాములను సేకరించాడు. 1796లో ఆయన ప్రకటించిన గ్రంథంలో 'కాటుకరేకుల పొడ' వంటి తెలుగు పేర్లే కనిపిస్తాయి. కట్లపాముల జాతికి నేడు ప్రపంచమంతటా వాడుతున్న 'బంగారస్' అన్న శాస్త్రనామం మన 'బంగారు' నుంచి పుట్టినదే. కాటుకరేకుల పొడకు మాత్రం 1797లో శాస్త్రజ్ఞులు రస్సెల్ పేరే పెట్టారు. అయితే ఆ పనిని తీసిపారెయ్యటం న్యాయం కాదు. విషసర్పాలను విషం లేనివాటి నుంచి వేరుచేసి చూపటానికి ఆయన పాటుపడ్డాడు. పాముకాటుకు దివ్యౌషధమని పేరుపడిన తంజావూరు మాత్రను పరీక్షించి, అందులో ప్రధానమైన సరుకు పాషాణమని తేల్చాడు.

ఆ తరవాత వచ్చిన బ్రిటిషు ప్రభుత్వం లెక్కలు కట్టటంలో చూపిన శ్రద్ధ వైద్యంలో చూపలేదు. 1872లో జోసెఫ్ ఫేరర్ కలకత్తాలో చేసిన తన పరిశోధనలను గ్రంథంగా తెచ్చాడు. వాడుకలో వున్న విరుగుళ్ళను పరీక్షించి చూస్తే, నమ్మదగినది ఒక్కటీ దొరకలేదు. 1880ల నాటికి ప్రభుత్వ నివేదికలే యేటా ఇరవైవేల మరణాలు చూపుతున్నాయి. అందుకు సర్కారు కనిపెట్టిన ఉపాయం పాము తలకు బహుమానం! చీకట్లో చెప్పులులేకుండా నడిచే రైతుకూలీ కాళ్ళ సంగతి ఆ పద్దుల్లోకి యెక్కలేదు.

అసలు మందు మరొక వలసరాజ్యంలో మొలకెత్తింది. 1891లో, నేటి వియత్నాంలోని బాక్ లియూ ప్రాంతంలో వరదలకు నాగుపాములు ఇళ్ళలో జొరబడి జనాన్ని కరిచాయి. సైగాన్‌లో పాశ్చర్ సంస్థను నడుపుతున్న ఆల్బర్ట్ కాల్మెట్ ఆ పాముల విషంతో పరిశోధన ఆరంభించాడు. 1894లో ఆయనా, ఫిసాలిక్స్, బెర్ట్రాన్ అనే మరి యిద్దరు ఫ్రెంచివారూ విడివిడిగా ఒకే సత్యాన్ని ప్రకటించారు: విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కించిన జంతువు రక్తరసంలో దాని విరుగుడు పుడుతుంది. తన మందు అన్ని పాములకూ పనిచేస్తుందని కాల్మెట్ నమ్మాడు. భారతదేశంలో జార్జ్ లాంబ్, బ్రెజిల్‌లో వితాల్ బ్రజీల్ అది నిజం కాదని నిరూపించారు. నాగుపాము విరుగుడు పొడపాము విషాన్ని ఆపదు. అందుకే మన దేశంలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటి విషాలనూ గుర్రాలకు ఎక్కించి ఒకే మందు తయారుచేస్తున్నారు.

మందు పుట్టి నూట ముప్ఫయి యేళ్ళు దాటింది. మరి మంత్రం యెందుకు చావలేదు? ఒక రైల్వే స్టేషను మాస్టరుకు తంతి కొడితే విషం దిగుతుందని మన జిల్లాల్లో చదువుకున్నవారు కూడా నమ్మిన రోజులున్నాయి. దీన్ని అజ్ఞానమని తిట్టి వూరుకుంటే మన బాధ్యత తీరదు. కరిచే పాముల్లో అనేకం విషం లేనివి; విషసర్పం కూడా ఒక్కొక్కప్పుడు విషం దించకుండానే కరుస్తుంది. వీళ్ళంతా మంత్రం లేకపోయినా బతికేవారే. బతికినవాడు మంత్రానికి సాక్షి అవుతాడు, చచ్చినవాడు సాక్ష్యం చెప్పలేడు. పైగా మంత్రగాడు వూళ్ళోనే వుంటాడు, అర్ధరాత్రి పిలిచినా పలుకుతాడు. ఆసుపత్రి పది క్రోసుల దూరాన వుంటే మంత్రానికి గుడి కట్టినట్టే.

స్వతంత్ర భారతంలో చాలాకాలం ఆసుపత్రి పద్దులే లెక్కలయ్యాయి. అవి యేటా వెయ్యీ రెండువేల చావులు చూపాయి. ఇంటింటికీ వెళ్ళి విచారించిన పరిశోధకులు 2011లో వేరే కథ చెప్పారు: ఒక్క 2005లోనే సుమారు 46 వేల మంది! 2000 నుంచి 2019 వరకు సగటున యేటా 58 వేల మంది అని 2020 నాటి పరిశోధన తేల్చింది. అందులో సుమారు 70 శాతం ఎనిమిది రాష్ట్రాలలో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. చచ్చినవారు పల్లెవాసులు, ఎక్కువమంది వానాకాలపు పనిదినాల్లో, ఆసుపత్రి మెట్లెక్కకుండానే. నేలమీద పడుకున్నవాడిని కట్లపాము కరిస్తే నొప్పి కూడా తెలియదు. తెల్లవారేసరికి రెప్పలు వాలి, ఊపిరి ఆగుతుంది.

ఇక ఆ మందుకు ముడిసరుకు యెవరిచ్చారు? ఇరుళ గిరిజనులు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక పాముతోళ్ళ మీద బతికిన వారి జీవనం కూలింది. 1978లో మద్రాసు దగ్గర సహకార సంఘం పెట్టుకుని, ప్రాణాలకు తెగించి పాములను పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలారు. దేశంలోని మందులో అత్యధిక భాగానికి వారి చేతులే ఆధారం. అయితే ఒకే ప్రాంతపు విషంతో చేసిన మందు దూరప్రాంతపు పాములకు సరిగా పనిచెయ్యటం లేదని నేటి పరిశోధనలు చూపుతున్నాయి. కాల్మెట్ పొరపాటే కొత్తరూపంలో నడుస్తున్నదన్నమాట.

2017లో ప్రపంచ ఆరోగ్యసంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల్లో ముందువరసన చేర్చింది. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలని భారత ప్రభుత్వం 2024లో ప్రణాళిక ప్రకటించింది. మంచిదే. కాని కావలసినవి గొప్ప యంత్రాలు కావు. కరిచిన చోట కొయ్యకుండా, బిగించి కట్టకుండా, కాలు కదలనివ్వకుండా మనిషిని చేర్చటానికి బండి. ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో మందు. రాత్రిపూట వుండే వైద్యుడు. రక్తం ఇరవై నిమిషాల్లో గడ్డకట్టిందో లేదో చూడటానికి ఒక గాజుగొట్టం. ఇవి అందనంతకాలం పాముకాటు చావును విధి అనటం చావుకు సాకు చెప్పటమే. పల్లెల్లో చదువు చెప్పే ఉపాధ్యాయులు, సెలవులకు వూరు వెళ్ళే విద్యార్థులు మంత్రాన్ని ఖండించటంతోపాటు, మన ఆరోగ్యకేంద్రంలో యీ రాత్రి మందు వున్నదా అని అడగటం కూడా నేర్పాలి. ఆ ప్రశ్నలోనే అభ్యుదయం వున్నది.