ఆడలేక నెట్‌వర్కు ఓడు

“నెట్‌వర్క్ ప్రాబ్లెం అండీ.” మన ఫీల్డులో ఇంత సులువుగా నోట్లోంచి ఊడిపడే మాట ఇంకోటి లేదు. అప్లికేషను నిదానంగా ఉందా, నెట్‌వర్కు. రాత్రి జాబు మధ్యలో చచ్చిందా, నెట్‌వర్కు. ఈ మాటలో ఉన్న సుఖమేంటంటే, అన్నవాడు ఇక ఏమీ చెయ్యక్కర్లేదు. చెయ్యాల్సింది అవతలి టీము.

నేనూ అన్నాను. మా దగ్గరో పాత యూనిక్స్ సర్వరుంది. దాన్ని కొత్త స్విచ్‌కి మార్చిన దగ్గర్నుంచి, పావుగంటలో అయిపోయే రాత్రి బ్యాకప్ కాస్తా నాలుగు గంటలు పట్టడం మొదలెట్టింది. పింగ్ చేసి చూస్తే ఒక్క ప్యాకెట్టూ పోవట్లేదు, జవాబు మిల్లీసెకనులో వస్తోంది. “మా సర్వరు బానే ఉంది, మీ వైపు చూడండి” అని పదిమందిని సీసీలో పెట్టి మెయిలు కొట్టాను. నెట్‌వర్క్ టీములో కొత్తగా చేరిన కుర్రాడు ఆ రాత్రంతా కేబుళ్లు మారుస్తూ కూర్చున్నాడు. ఏం దొరికిందో చివర్లో చెప్తాను. ముందు ఈ పింగ్ లాంటి పనిముట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పుకోవాలి. ఆ కథ నాకు ముందే తెలిసుంటే ఆ మెయిలు కొట్టేవాణ్ణి కాదు.

1983 జనవరి 1న అర్పానెట్ టీసీపీ/ఐపీకి మారింది. అప్పటికే, 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ రాసిన ఆరెఫ్‌సీ 792లో ఐసీఎంపీ అనే చిన్న ప్రోటోకాల్ ఉంది. అందులో ‘ఎకో’ అని ఒక సందేశం. మనం పంపిన దాన్ని అవతలి యంత్రం ఉన్నదున్నట్టు తిప్పి పంపాలి, అంతే. 1983 జులైలో నార్వేలో ఒక సమావేశం జరిగింది. అక్కడ డేవ్ మిల్స్, ఈ ఎకోలకి టైము కట్టి దారిలో ఎంత ఆలస్యమవుతోందో కొలవొచ్చని మాటల్లో చెప్పాడు. విన్నవాళ్లలో మైక్ మూస్ ఒకడు.

మూస్ మేరీలాండులో అమెరికా సైన్యం వాళ్ల బాలిస్టిక్ రీసెర్చ్ లాబొరేటరీలో పనిచేసేవాడు. అదే ఏడాది డిసెంబరులో వాళ్ల నెట్‌వర్కు వింతగా ప్రవర్తించింది. అప్పటికతనికి పాతికేళ్లు. మిల్స్ మాట గుర్తొచ్చి కూర్చుని ప్రోగ్రాము రాశాడు. కంపైలైంది కానీ పనిచెయ్యలేదు. చూస్తే ఐసీఎంపీని నేరుగా పంపే సౌకర్యం కెర్నెల్లోనే లేదు! మనమైతే టికెట్టు రైజు చేసి నిద్రపోతాం. అతను ఒళ్లుమండి కెర్నెల్లో ఆ ముక్క కూడా తనే రాసి, తెల్లారేలోపు అంతా పనిచేయించాడు. సోనార్ చేసే శబ్దాన్ని తలుచుకుని పింగ్ అని పేరు పెట్టాడు.

అసలు తమాషా ఏంటంటే, మొదటి పింగ్ ప్యాకెట్టు బయల్దేరే లోపే చక్ కెనెడీ అనే సహోద్యోగి హార్డ్‌వేరులో తప్పు కనిపెట్టి బాగుచేసేశాడు. అంటే పింగ్ ఏ సమస్య కోసం పుట్టిందో ఆ సమస్యని అది చూడనే లేదు. కానీ మనం చూస్తూనే ఉన్నాం. మూస్ 2000 నవంబరులో రోడ్డు ప్రమాదంలో పోయాడు. రాకెట్టు కాదు, క్షిపణి కాదు, ఒక్క రాత్రిలో రాసిన ఆ చిన్న ప్రోగ్రాముతోనే లోకానికి గుర్తుండిపోయాడు.

రెండో కథ 1986 అక్టోబరుది. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్లీ లాబొరేటరీకీ, బర్క్లీ విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం 400 గజాలు. నడిస్తే ఐదు నిమిషాలు. ఆ రెంటి మధ్య సెకనుకి 32 వేల బిట్లు పోవాల్సిన డేటా ఒక్కసారిగా 40 బిట్లకి పడిపోయింది. వేలు కాదండీ, ఉత్త నలభై. అంటే సెకనుకి ఐదక్షరాలు. ఫైలుని చేత్తో పట్టుకుని నడిచెళ్లి ఇచ్చి రావడం నయం.

ఎవరన్నా ఏమంటారు? నెట్‌వర్క్ ప్రాబ్లెం అంటారు. ఆ లాబులో ఉన్న వాన్ జాకబ్సన్ అక్కడితో ఆగలేదు. మైక్ కరెల్స్‌తో కలిసి, మన యంత్రాల్లో ఉన్న 4.3 బీఎస్‌డీ టీసీపీయే తప్పు చేస్తోందా అని అడిగాడు. అవును, అదే చేస్తోంది. దారిలో క్యూ పెరిగి జవాబు ఆలస్యమైతే, పంపినవాడు ప్యాకెట్టు పోయిందనుకుని ఇంకో కాపీ పంపుతాడు. దాంతో క్యూ ఇంకా పెరుగుతుంది. అందరూ ఇంకో కాపీ పంపుతారు. చివరికి తీగ నిండా పనికిరాని కాపీలే. ఇలా అవుతుందని జాన్ నేగల్ 1984 జనవరిలోనే ఆరెఫ్‌సీ 896లో హెచ్చరించాడు కూడా.

జాకబ్సన్ ఇచ్చిన మందు తీగలో కాదు, చివరలున్న యంత్రాల్లో: నిదానంగా మొదలెట్టు, జవాబు ఎప్పుడొస్తుందో సరిగ్గా అంచనా కట్టు, ప్యాకెట్టు పోతే నువ్వే తగ్గు. 1988లో అచ్చైన ఆ పేపరు పుణ్యమే ఇవాళ్టికీ ఇంటర్నెట్టు నిలబడి ఉండటం.

అదే లాబునుంచి ఆ రోజుల్లోనే ఇంకో రెండు పనిముట్లొచ్చాయి. స్టీవ్ డీరింగ్ సూచనతో జాకబ్సన్ ట్రేస్‌రూట్ రాశాడు. ప్యాకెట్టు దారితప్పి అనంతకాలం తిరక్కుండా టీటీఎల్ అని ఒక ఆయుష్షు ఉంటుంది కదా. ప్రతి రూటరూ దాన్లో ఒకటి తగ్గిస్తుంది, సున్నా అయితే ప్యాకెట్టుని పారేసి పంపినవాడికి కబురు పెడుతుంది. ట్రేస్‌రూట్ కావాలనే 1, 2, 3 ఆయుష్షుతో ప్యాకెట్లు పంపి, వచ్చిన చావుకబుర్లతో దారి మ్యాపు గీస్తుంది! రెండోది టీసీపీడంప్. జాకబ్సన్, క్రెయిగ్ లెరెస్, స్టీవెన్ మెకాన్ రాశారు. తీగ మీద నిజంగా ఏం మాట్లాడుకున్నారో చూపిస్తుంది.

గమనించారా, ఒక్కో పనిముట్టుకి ఒక్కో ప్రశ్న. పింగ్ “ఉన్నావా?” అంటుంది. ట్రేస్‌రూట్ “ఏ దారిన?” అంటుంది. టీసీపీడంప్ “ఏమన్నావు?” అంటుంది. నేను పింగ్‌ని “మా సర్వరు బాగుందా?” అని అడిగాను. అది జవాబు చెప్పని ప్రశ్న. అయినా “బానే ఉంది” అని నేనే విన్నాను.

తెల్లారి ఆ కుర్రాడు ఎర్రటి కళ్లతో నా సీటు దగ్గరకొచ్చి, “అన్నా, ఒక్కసారి మీ బాక్సులో నెట్‌స్టాట్ చూద్దామా?” అన్నాడు. చూశాం. లోపలికొచ్చే ప్యాకెట్లలో ఎర్రర్లు కళ్ల ముందే పెరుగుతున్నాయి. ఎప్పుడో మావాళ్లు ఆ కార్డుని 100 మెగాబిట్లు, ఫుల్ డూప్లెక్స్ అని బిగించేశారు. పాత స్విచ్‌లో పోర్టూ అలాగే బిగించి ఉండేది. కొత్త పోర్టు ఆటోలో ఉంది. మా కార్డు బేరానికి రాదు కాబట్టి అది స్పీడు కనిపెట్టింది గానీ, రూలు ప్రకారం హాఫ్ డూప్లెక్స్‌లో కూర్చుంది. ఒకడు వింటూ మాట్లాడతాడు, రెండోవాడు ఎదుటివాడు ఆగితేనే మాట్లాడతాడు. చిన్న చిన్న పింగ్‌లు హాయిగా వెళ్లిపోతాయి. పెద్ద ఫైలు మొదలవగానే ఢీకొట్టుకుంటాయి. ఆ సెట్టింగు సంగతి పోర్టు మార్చమన్న రోజున మేం చెప్పాలి. చెప్పలేదు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికించాను, అదీ వేరేవాడి చేత.

సెట్టింగు మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ పదిమందినీ మళ్లీ సీసీలో పెట్టి “తప్పు మా వైపుది, కనిపెట్టింది ఇతను” అని రాయడానికి మాత్రం నాకు గంట పట్టింది. పంపేశాక ఆ కుర్రాణ్ణి టీకి తీసుకెళ్లాను.