తాలులో గింజలు

కట్లపాముల జాతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు బుంగారస్. అది మన ‘బంగారు’ మాటేనని తెలిసినప్పటినుంచి కనబడ్డవాళ్లందరికీ చెబుతున్నాను. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉండి పాములు పోగుచేశాడు. 1796లో అచ్చయిన పుస్తకంలో, పసుపు నలుపు పట్టీల పాముకి ఇక్కడివాళ్లు చెప్పిన ‘బంగారం పాము’ అనే పేరే ఎక్కించాడు. పుస్తకం మీద ఆయన పేరుంది. పాము పేరు చెప్పినవాళ్లది లేదు.

ఆ పాము కథ హైదరాబాదు చేరడానికి దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది. ఎడింబరోలో ఉండగా జన్యుశాస్త్రవేత్త లాల్జీ సింగ్ ఆ జాతి ఆడపాము డబ్ల్యూ క్రోమోజోములో ఒక వింత పట్టుకున్నాడు. విప్పి చూస్తే జి, ఎ, టి, ఎ అనే నాలుగక్షరాలు జపం చేసినట్టు మళ్లీ మళ్లీ ఉన్నాయి. వాటితో ఏ ప్రొటీనూ తయారుకాదు. ఇలాంటి డీఎన్‌ఏకి జన్యుశాస్త్రవేత్త సుసుము ఓనో 1972లోనే ‘జంక్’ అని ముద్రవేశాడు. మన రైతు మాటలో తాలు. లాల్జీ 1987లో హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి వచ్చి, ఆ తాలుతోనే మరుసటి ఏడాదికి డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతి నిలబెట్టాడు. బిడ్డకి తండ్రెవరో మన కోర్టుల్లో తేలింది పాము పుణ్యమే.

  2007లో అదే సీసీఎంబీలో రేచల్ జేసుదాసన్ బృందం మగవారి వై క్రోమోజోము తాలుని చెరిగింది. అందులోంచి ప్రొటీన్ చెయ్యని ఆర్‌ఎన్‌ఏ ఒకటి, వృషణాల్లో మాత్రమే పుడుతోంది. అది 1వ క్రోమోజోము పంపిన సందేశానికి ముందు 67 అక్షరాలు అతికిస్తోంది. వై సరుకు వేరే క్రోమోజోము సరుకుతో అలా అతకడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

ప్రొటీన్ చెయ్యకుండా 200 అక్షరాలు దాటినవాటిని పొడవైన నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ అంటారు. ఆడవారి రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని నిద్రపుచ్చే ఎక్సిస్ట్ 1991లో బయటపడింది. 2024లో ఛేజర్ అనే మరొకటి పిల్లల జబ్బుకి కారణంగా తేలింది. పక్కనున్న సీహెచ్‌డీ2 జన్యువు శ్రుతి మించకుండా చూసేది అదే. ముగ్గురు పిల్లల్లో ఛేజర్ ఒక ప్రతి ఊడిపోయింది. సీహెచ్‌డీ2 ప్రొటీన్ ఎక్కువై మెదడు ఎదుగుదల తీవ్రంగా దెబ్బతింది.

తాలంతా గింజ కాదు. అలాగని చూడకుండా పారబోసేదీ కాదు. పిల్లవాడి జన్యుపరీక్షలో ఏమీ తేలలేదని కాగితం వస్తే, చూసింది ఎక్సోమా, మొత్తం జీనోమా అని డాక్టరుగారిని అడగండి. ఎక్సోమ్ అంటే ప్రొటీన్ చేసే భాగం, మొత్తంలో రెండు శాతం లోపే.