అండా కింద నిప్పు

హోసూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ధనుర్మాసంలో తెల్లారి చన్నీళ్ళు ముట్టుకోలేం. అందుకే మా పాత ఇళ్ళల్లో స్నానాల గదిలోనే పొయ్యి కట్టి, రాగి అండాను మట్టితో మెత్తి కదలకుండా కూర్చోబెట్టేవాళ్ళు. కట్టెలు తోసే నోరు గోడకు బయటివైపు ఉండేది, పొగ లోపలికి రాకుండా. కృష్ణగిరి వైపు మామిడి కొమ్మలు, కొబ్బరి మట్టలే వంటచెరకు.

కన్నడం వాళ్ళకు ఇదే హండె. దీపావళి ముందు దాన్ని తోమి నీళ్ళు నింపడం వాళ్ళకొక పండగ, నీరు తుంబువ హబ్బ. మనకు నరక చతుర్దశి తలంట్లు.

తర్వాత రాగి బాయిలర్ వచ్చింది. మధ్యలో నిప్పు గొట్టం, చుట్టూ నీళ్ళు. గరాటులో చన్నీళ్ళు పోస్తే అడుక్కి పోయి, పైనున్న వేణ్ణీళ్ళను బయటికి నెట్టేవి.

తోటలో ఈత తొట్టికీ ఇలా కట్టొచ్చా అని మా పిల్లలు అడుగుతున్నారు. కట్టొచ్చు. నిప్పులో రాగి గొట్టాన్ని చుట్టలా పెట్టి, మోటారుతో తొట్టి నీళ్ళు తిప్పాలి. మోటారు ఆగితే గొట్టంలో ఆవిరి పట్టి పగలొచ్చు, వెంటనే నిప్పు లాగెయ్యాలి. కిలో ఎండు కట్టెకు సుమారు 4,000 కిలోకేలరీల వేడి. 10,000 లీటర్లు 10 డిగ్రీలు వేడెక్కాలంటే, సగం వేడి వృథా పోతుందనుకుంటే, 50 కిలోల కట్టెలు కావాలి. అండాకు నాలుగు కట్టెలు చాలేవి.

గీజర్లు వచ్చాక ఎన్నో అండాలు పాత రాగి ధరకు పోయాయి. "అండాకి నిప్పెయ్" అనే మాటా వాటితోనే పోతోంది. మీ ఇంట్లో ఉంటే అమ్మకండి. పండగనాడైనా వెలిగించండి.