బానెట్‌కి కన్నాలు, నెత్తిన వాన

మా ఆఫీసులో ఒక కుర్రాడున్నాడు, గుంటూరు వైపు అబ్బాయి. సియాటిల్ వచ్చిన రెండేళ్ళకే పాత మాజ్డా మియాటా ఒకటి కొన్నాడు. చిన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. అక్కడితో ఆగితే బానే ఉండేది. దానికి టర్బో పెట్టించాడు. టర్బో పెట్టాక ఇంజను వేడెక్కిపోతోందని బానెట్‌కి రెండు పక్కలా లూవర్లు కోయించాడు. లూవర్లంటే చేప మొప్పల్లాగా వరసగా ఉండే చీలికలు. ఎండ కాసిన రోజు పార్కింగులో ఆ కారు చుట్టూ నలుగురు చేరతారు. సియాటిల్లో చలికాలమంతా ఎండ కాసేది ఎన్ని రోజులు చెప్పండి? మిగతా రోజుల్లో కిటికీ దగ్గర నిలబడి వాన వంక చూస్తూ, "అన్నా, లోపలికి నీళ్ళు పోతున్నాయి కదా, ఏమన్నా అవుద్దా?" అని అడుగుతుంటాడు.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఫ్యాక్టరీ వాడు పెట్టిన కన్నమైతే ఏమీ కాదు, మనం కోయించుకున్న కన్నమైతే చూసుకోవాలి. ఆ రెండిటికీ తేడా ఎక్కడుందో తెలియాలంటే మాత్రం కొన్ని పాత కథలు చెప్పుకోవాలి. కొంచెం పొడుగే, కాఫీ తెచ్చుకోండి :-)

ముందు అసలు కన్నం ఎందుకో చూద్దాం. కారు వెళ్తుంటే గ్రిల్ లోంచి గాలి లోపలికొస్తుంది, రేడియేటర్ని దాటి ఇంజను చుట్టూ తిరుగుతుంది. వచ్చినంత సులువుగా బయటికి పోదు, కారు అడుగు నుంచి జారుకోవాలి. లోపల గాలి ఇరుక్కుపోతే వేడి పోదు సరికదా, స్పీడులో కారు ముక్కు పైకి తేలినట్టు అవుతుంది. బానెట్ మీద, ముందు భాగంలో, గాలి వేగంగా ఒరుసుకుంటూ పోతుంది కాబట్టి అక్కడ ప్రెషర్ తక్కువ. అక్కడ దారి వదిలితే లోపలి వేడిగాలి దానంతటదే బయటికి వచ్చేస్తుంది. అదే కన్నం ముందు అద్దం మొదట్లో పెట్టారనుకోండి, అక్కడ ప్రెషర్ ఎక్కువ, గాలి ఎదురు లోపలికే దూరుతుంది. చాలామంది ఈ తేడా చూసుకోరు. ఎక్కడ బావుంటే అక్కడ కోయించేస్తారు.

దీన్నిబట్టి వానలో ఒక తమాషా ఉంది. కారు మంచి స్పీడులో ఉన్నంతసేపు ముందువైపు చీలికల్లోంచి గాలి బయటికి తోస్తూనే ఉంటుంది కాబట్టి లోపలికి పోయే నీళ్ళు తక్కువ. ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు, రాత్రంతా ఇంటిముందు నిలబెట్టినప్పుడు మాత్రం నిలువునా పడతాయి.

సరే, పడితే ఏమవుతుంది? ఇది ఇంగ్లండు వాళ్ళని అడగాలి.

1956లో సూయజ్ కాలువ గొడవతో పెట్రోలుకి కటకట వచ్చినప్పుడు బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ళు అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరుకి ఒక చిన్న కారు చెయ్యమని పని అప్పజెప్పారు. ఆయన ఇంజన్ని అడ్డంగా తిప్పి, గేర్‌బాక్సుని దాని కిందకి తోసి, పదడుగుల పొడుగులో నలుగురు కూర్చునే మినీని తయారుచేశాడు. మొదటి నమూనాల్లో కార్బ్యురేటర్ ముందువైపు ఉండేది. చల్లగాలికి దాంట్లో మంచు పేరుకుంటోందని కొందరంటారు, గేర్ల మీద భారం తగ్గించడానికని ఇంకొందరంటారు. మొత్తానికి ఇంజన్ని 180 డిగ్రీలు తిప్పేశారు. కార్బ్యురేటర్ వెనక్కి పోయింది. వెనకున్న డిస్ట్రిబ్యూటర్ ముందుకొచ్చి సరిగ్గా గ్రిల్ వెనకాల కూర్చుంది.

డిస్ట్రిబ్యూటర్ అంటే, కాయిల్ నుంచి వచ్చే వేల వోల్టుల కరెంటుని వంతులవారీగా ఒక్కో స్పార్క్ ప్లగ్గుకీ పంచే డబ్బా. ఇంజన్లో నీళ్ళంటే అస్సలు పడని వస్తువు ఏదన్నా ఉందంటే అదే. కాస్త తడి తగిలితే చాలు, కరెంటు ప్లగ్గుకి వెళ్ళకుండా తడి వెంబడి అడ్డదారిలో పారిపోతుంది. అలాంటిదాన్ని తీసుకెళ్ళి, ఎదురుగాలీ ఎదురువానా నేరుగా తగిలే చోట పెట్టారు.

1959 ఆగస్టు 26న మినీ జనం ముందుకొచ్చింది. ఆ ఏడు ఇంగ్లండులో వేసవి బాగా పొడిగా గడిచింది. సమస్య ఎవరి కంటా పడలేదు. తర్వాత వానలు మొదలయ్యాయి. ముందు వెళ్ళే లారీ చిమ్మిన నీళ్ళకి నడిరోడ్డు మీద ఇంజన్లు ఆగిపోవడం మొదలైంది. ఇది చాలదన్నట్టు అడుగు రేకులు అతికిన చోట నుంచి నీళ్ళు లోపలికి చేరి కార్పెట్లు తడిసిపోయేవి. మన భాషలో చెప్పాలంటే టెస్టింగ్ అంతా ఎండలో జరిగింది, ప్రొడక్షన్లో వాన పడింది. "మా మెషీన్ మీద బాగానే పనిచేస్తోందే" అనే డైలాగు అప్పట్లో కూడా ఎవరో అనే ఉంటారని నా నమ్మకం.

తర్వాత కంపెనీ డిస్ట్రిబ్యూటర్ ముందు ప్లాస్టిక్ అడ్డం పెట్టింది. కానీ నాకు నచ్చిన పరిష్కారం జనం కనిపెట్టింది. అంట్లు తోముకునే రబ్బరు గ్లవ్ ఒకటి తీసుకుని, వేళ్ళ చివర్లు కత్తిరించి, డిస్ట్రిబ్యూటర్ మీద తొడిగేవాళ్ళు. నాలుగు వేళ్ళలోంచి నాలుగు ప్లగ్గుల వైర్లు, అయిదో వేల్లోంచి కాయిల్ వైరు! నాలుగు సిలిండర్ల ఇంజనుకి గ్లవ్ కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. ఇలా చిన్న వానకి చతికిలబడ్డ కారే మాంటే కార్లో ర్యాలీని 1964, 1965, 1967లలో గెలిచింది. (1966లో కూడా ముందొచ్చింది కానీ హెడ్‌లైట్ల గొడవలో డిస్‌క్వాలిఫై చేశారు. అది వేరే పంచాయితీ.)

అన్నట్టు, తడిసిన డిస్ట్రిబ్యూటర్ మీద కొట్టే డబ్ల్యూడీ-40 స్ప్రే తెలుసు కదా? 1953లో కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో రాకెట్ కెమికల్ కంపెనీ అనే చిన్న సంస్థ తయారుచేసింది. పేరులో డబ్ల్యూడీ అంటే నీటిని తోసేసేది అని, 40 అంటే నలభయ్యో ప్రయత్నమని. అట్లాస్ క్షిపణి పైతొడుగు తుప్పు పట్టకుండా చేసిన మందు అది. వెర్షన్ నంబరునే బ్రాండుగా పెట్టుకుని ఇంతకాలం అమ్మిన ప్రాడక్టు ఇంకోటుందా?

ఇక అమెరికా కథ. వీళ్ళ కన్నాలు వేరే రకం. వేడిని బయటికి పంపడానికి కాదు, చల్లగాలిని కార్బ్యురేటర్లోకి లాక్కోవడానికి. చల్లగాలి చిక్కగా ఉంటుంది, దాంతో ఇంకొంచెం పెట్రోలు మండించొచ్చు. కానీ నోరు తెరుచుకుని ఎదురుగా చూసే కన్నం వానని కూడా మింగుతుంది. కాగితం ఎయిర్ ఫిల్టర్ తడిసి ముద్దయితే ఇంజనుకి ఊపిరాడదు. అందుకని 1969 పాంటియాక్ జీటీఓలో రామ్ ఎయిర్ వెర్షన్ కొనుక్కున్నవాళ్ళకి డాష్‌బోర్డు కింద ఒక నాబ్ ఇచ్చారు. వాన పడితే దానితో బానెట్ మీది కన్నాలు మూసేసుకోవాలి. అదే ఏడు ప్లిమత్ రోడ్ రన్నర్‌లో కూడా ఇలాంటి ఏర్పాటే. 1970కి వచ్చేసరికి ఆ రోడ్ రన్నర్‌లో స్విచ్చి నొక్కితే బానెట్ మధ్యలోంచి ఒక తలుపు పైకి లేచేది, దాని పక్కన సొరచేప పళ్ళ బొమ్మ! సిగ్నల్ దగ్గర పక్క కారువాణ్ణి భయపెట్టడానికన్నమాట. షెవర్లే వాళ్ళు 1970 షెవెల్ ఎస్ఎస్‌లో ఇంకొంచెం బుర్ర పెట్టారు. కన్నాన్ని అద్దం మొదట్లో, ప్రెషర్ ఎక్కువుండే చోట, వెనక్కి తిరిగి ఉండేట్టు పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడే తెరుచుకునే తలుపు బిగించారు. నాబ్ తిప్పడం డ్రైవర్ మర్చిపోయే ప్రమాదమే లేదు.

వీటన్నిటికంటే వానకి గట్టిగా తట్టుకున్నవి 1964 జీటీఓ బానెట్ మీదివి. ఎందుకంటే అవి ఉత్తుత్తి కన్నాలు. లోపలికి దారే లేదు :-)

ఇప్పుడు మనం చూసే మోడిఫైడ్ కార్లకి అసలైన తాతలు మాత్రం ర్యాలీ కార్లు. 1986లో వరస ప్రమాదాల తర్వాత గ్రూప్ బి అనే అతివేగపు కార్లని ర్యాలీల్లోంచి తీసేసి, 1987 నుంచి గ్రూప్ ఎ నిబంధనలు పెట్టారు. ర్యాలీలో తిప్పాలనుకున్న కారుని మామూలు జనానికి అమ్మడానికి 5000 తయారుచెయ్యాలి, తర్వాత ఆ సంఖ్యని 2500 చేశారు. కాబట్టి ర్యాలీలో బానెట్‌కి కన్నం కావాలంటే పాలపాకెట్టుకి వెళ్ళే కారుకి కూడా ఆ కన్నం ఉండాల్సిందే! లాన్సియా డెల్టా ఇంటిగ్రాలే, ఫోర్డ్ ఎస్కార్ట్ కాస్వర్త్, సుబారు ఇంప్రెజా, మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్, వీటన్నిటి బానెట్ల మీదా కన్నాలు అలా వచ్చినవే.

ఇక్కడ సుబారు సంగతి చెప్పాలి. 1992లో వచ్చిన ఇంప్రెజా డబ్ల్యూఆర్‌ఎక్స్ బానెట్ మీది పెద్ద నోరు చూసి, అందులోంచి వాన ఇంజన్లోకి పోతుందని భయపడేవాళ్ళు నాకు ఇప్పటికీ తగులుతుంటారు. ఆ నోటి కింద ఉన్నది ఇంటర్‌కూలర్, అంటే టర్బో నుంచి వచ్చే వేడిగాలిని చల్లార్చే రేడియేటర్ లాంటిది. బయటి గాలి దాని రెక్కల మధ్యనుంచి కిందకి పోతుందే తప్ప ఇంజను లోపలికి పోదు. పైగా తడిస్తే ఇంకా బాగా చల్లబడుతుంది. ఎస్‌టీఐ మోడళ్ళలో కొన్నిటికి దానిమీద నీళ్ళు చల్లడానికి ప్రత్యేకంగా ట్యాంకూ స్ప్రేయరూ ఇచ్చారు. వాళ్ళు డబ్బులు పెట్టి పోయించుకునే నీళ్ళు మనకి ఆకాశం ఊరికే పోస్తోంది. ఇంకో సంగతి, ఈ ఇంజన్లో సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉంటాయి కాబట్టి స్పార్క్ ప్లగ్గులు రెండు పక్కల్లో ఉంటాయి, కన్నానికి దూరంగా.

మిత్సుబిషి వాళ్ళు 1996లో ఎవల్యూషన్ 4కి ఇంజన్ని 180 డిగ్రీలు తిప్పారు. ఇసిగోనిస్ తిప్పినట్టే. కానీ అప్పటికి నలభయ్యేళ్ళు తడిసిన అనుభవం పరిశ్రమకి ఉంది. కెన్యాలో సఫారీ ర్యాలీకైతే ఈ కార్లకి ఏనుగు తొండంలాగా పైకి లేచే గొట్టాలు తగిలించేవాళ్ళు, వాగులు దాటేటప్పుడు నీళ్ళు మింగకుండా. మామూలు వానకీ, ఆ వాగుకీ తేడా ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. బానెట్ మీంచి కారే నీళ్ళతో ఇంజన్ మొరాయిస్తుంది. నీళ్ళు నిలిచిన రోడ్డులో దిగితే, గాలి పీల్చే గొట్టం నీళ్ళు పీలిస్తే, ఇంజను పగిలిపోతుంది. నీటిని నొక్కడం పిస్టన్ వల్ల కాదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాదులో కారు మునిగినవాళ్ళకి ఈ హైడ్రోలాక్ అనే మాట ఇన్సూరెన్సు వాళ్ళు కొత్తగా నేర్పే ఉంటారు.

ఇంతకీ ఫ్యాక్టరీ కన్నానికీ, కోయించుకున్న కన్నానికీ తేడా. ఫ్యాక్టరీ వాడు వెంట్ కింద చాలాసార్లు ఒక ట్రే పెడతాడు. పడ్డ నీళ్ళని పట్టి, కనెక్టర్ల మీద పడకుండా పక్కకి కారేట్టు చేస్తుంది. ప్లగ్గుల గుంటల మీద రబ్బరు సీళ్ళుంటాయి. కంప్యూటర్ బాక్సు నీళ్ళు కారే చోట ఉండదు. ఇవేవీ బయటికి కనపడవు. కనపడేది కన్నమొక్కటే. మోడిఫికేషన్లలో మనం కాపీ కొట్టేది కనపడేదాన్ని. స్టాక్ ఓవర్‌ఫ్లో నుంచి కోడు ఎత్తుకొచ్చి, ఎర్రర్ హ్యాండ్లింగ్ వదిలేసినట్టు.

మావాడి కారు బానెట్ ఎత్తించి చూశాను. కుడిపక్క చీలికల కింద టర్బో ఉంది. దానిమీద నీళ్ళు పడితే ఆవిరి లేస్తుంది, సిగ్నల్ దగ్గర పక్కవాళ్ళు కారు తగలబడుతోందని అద్దం దించి చెప్తారు, అంతే. ఎడమపక్క మాత్రం కొత్తగా లాగిన వైర్ల కట్టని ఎవరో మెకానిక్ ఉత్త టేపు చుట్టి వదిలేశాడు, సరిగ్గా చీలికల కింద. ప్లగ్గుల గుంట మీద రబ్బరు ఒకటి ఎండిపోయి పగిలింది. గుంటలో నీళ్ళు చేరితే స్పార్కు పక్కకి జారిపోతుంది, ఒక సిలిండర్ మానేస్తుంది. ఇంటిముందు జరిగితే విసుగు. హైవే మీద ఎడమ లేన్లో, వెనక పద్దెనిమిది చక్రాల లారీ వస్తుండగా కారు ఒక్కసారి ఈడ్చుకుపోతే అది వేరే సంగతి.

అయితే నన్ను నిజంగా భయపెట్టింది బానెట్ కాదు, టైర్లు. ట్రాక్ కోసమని గాళ్ళు తక్కువున్న టైర్లు వేయించాడు. దాని గురించి ఒక్కసారి కూడా అడగలేదు. రన్‌వే మీద తడిలో విమానాలు ఎందుకు జారుతున్నాయో తేల్చడానికి నాసా లాంగ్లీ కేంద్రంలో ప్రయోగాలు చేసి 1963లో ఒక లెక్క చెప్పారు. టైరు ప్రెషర్ వర్గమూలాన్ని 10.35తో గుణిస్తే, టైరు నీళ్ళ మీద పూర్తిగా తేలిపోయే స్పీడు మైళ్ళలో వస్తుంది. కారు బరువు ఆ లెక్కలో ఎక్కడా లేదు. మియాటాకి చెప్పిన ప్రెషర్ 26 పీఎస్ఐ, లెక్కేస్తే 53 మైళ్ళ లోపే. నీళ్ళు గాళ్ళలోంచి పోయే దారుంటే ఆ పరిస్థితి రాదు. గాళ్ళే లేకపోతే, నీళ్ళు నిలిచిన చోట 60 మైళ్ళ హైవేలో స్టీరింగు ఉత్త చక్రం అయిపోతుంది. కన్నంలో పడే నీళ్ళు కళ్ళకి కనపడతాయి కాబట్టి భయం, టైరు కింద నీళ్ళు కనపడవు కాబట్టి ధైర్యం. వైర్లకి నీళ్ళు దూరని కనెక్టర్లు ఎప్పుడన్నా వేయించుకోవచ్చు, టైర్లు మాత్రం ఈ వారమే మార్చమన్నాను.

మళ్ళీ కన్నాల సంగతికొస్తే, దీన్ని ఫోర్డ్ వాళ్ళు చాలా నిజాయితీగా తేల్చారనిపిస్తుంది. 2020 మోడల్ షెల్బీ జీటీ500 మస్టాంగ్, 760 హార్స్ పవర్. బానెట్ నడుమ 31 అంగుళాలు, 28 అంగుళాల కొలతతో లూవర్లున్న పెద్ద కన్నం. మన ఇళ్ళల్లో చిన్న కిటికీ అంత. దాని కింద వాన నీళ్ళు పట్టడానికి అల్యూమినియం ట్రే ఒకటి ఇచ్చారు, ఊడదీసుకునేట్టుగా. రేస్ ట్రాక్‌కి వెళ్తే తీసేయొచ్చు, వేడి ఇంకా బాగా పోతుంది, ముక్కు తేలడం తగ్గుతుంది. ఇంటికి బయల్దేరే ముందు మళ్ళీ బిగించుకోవాలి.