ముసలి వెర్రివాడి తోట

మొన్న ఆదివారం మా చెల్లెలు వస్తూనే చేతిసంచీలోంచి ఒక డైరీ తీసి నా ముందు పడేసింది.

"చూడక్కా, నీ ముద్దుల కూతురి ఘనకార్యం!"

దాని కూతురికి మూడున్నరేళ్ళు. బడికి పోవడం మొదలుపెట్టి మూడు నెలలైంది. డైరీలో ఎర్రసిరాతో మూడు పంక్తులు రాసి వున్నాయి. పాట చెప్పేటప్పుడు మీ అమ్మాయి కుదురుగా కూర్చోవడం లేదు, కాళ్ళూ చేతులూ ఆడిస్తూ పక్క పిల్లల్ని కూడా కదిలిస్తోంది, తల్లిదండ్రులు శ్రద్ధ వహించవలెను అని.

ఆ సమయానికి నేరస్థురాలు వరండాలో వుంది. మా అమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని, మనవరాలిని ముంగాళ్ళమీద ఎక్కించుకుని, రెండు చేతులూ పట్టుకుని ఏదో పాట పాడుతూ పైకీ కిందికీ వూపుతోంది. పాట ఆగే చోట కాళ్ళు ఠక్కున దించేస్తోంది. దించుతుందని తెలిసి కూడా పిల్ల ప్రతిసారీ కొత్తగా కిలకిలా నవ్వుతోంది.

"బళ్ళో కదిలితే తప్పూ, ఇంట్లో కదిలితే ముద్దూనా? దీనికి ఏం చెప్పమంటావు?" అంది చెల్లెలు.

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది కూడా. ఎందుకంటే ఆ ఎర్రసిరా మాటలు ఒకప్పుడు నేను అన్నవే. మావాడికి నాలుగేళ్ళప్పుడు రేడియోలో పాట వస్తే చాలు, వున్నచోట వుండేవాడు కాదు. గెంతేవాడు, గిర్రున తిరిగేవాడు, పళ్ళెం మీద గరిటెతో వాయించేవాడు. రాసుకుంటున్నానని నేను కసిరి కూర్చోబెట్టేదాన్ని. కొన్నాళ్ళకి మానేశాడు. బుద్ధిమంతుడయ్యాడని నలుగురికీ చెప్పుకుని మురిసిపోయాను కూడా. ఇప్పుడు వాడికి పందొమ్మిదేళ్ళు. పెళ్ళిళ్ళలో ఈడువాళ్ళంతా చప్పట్లు కొడుతుంటే వీడు చేతులు కట్టుకుని ఓ మూల నిలబడతాడు. అది నావల్లనే అని చెప్పలేను. కాదని చెప్పడానికీ ధైర్యం చాలదు.

ఆ డైరీ చూసినప్పుడు నాకు 1849లో జరిగిన ఒక సంగతి గుర్తొచ్చింది.

జర్మనీలో తురింగియా అనే కొండల సీమ వుంది. అక్కడ లీబెన్‌స్టైన్ అనే వూళ్ళో వూటనీటి స్నానాలకు పెద్ద పేరు. 1849 మే నెలాఖరులో బెర్తా ఫాన్ మారెన్‌హోల్ట్స్ అనే జమీందారీ కుటుంబపు స్త్రీ అక్కడ బస చేసింది. వూళ్ళో విశేషాలేమిటని అడిగితే ఆ ఇంటావిడ, ఈమధ్య ఒకాయన వచ్చి దగ్గర్లో మకాం పెట్టాడనీ, వూరి పిల్లలతో కలిసి ఆడుతూ గెంతుతూ వుంటాడనీ, అందరూ ఆయన్ని 'ముసలి వెర్రివాడు' అంటారనీ చెప్పింది. కొన్ని రోజుల తర్వాత బెర్తాకి ఆ వెర్రివాడు కనిపించనే కనిపించాడు. నెరిసిన పొడుగాటి జుట్టు. చుట్టూ మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు. చాలామందికి కాళ్ళకు చెప్పుల్లేవు, ఒంటిమీద సరైన బట్టల్లేవు. ఇద్దరిద్దరుగా జత కట్టించి, వాళ్ళని గుట్టమీదికి నడిపించి, పాట పాడుతూ ఆ పాటకు తగిన ఆట ఆడిస్తున్నాడు. ఎంత ఓర్పుగా, ఎంత ప్రేమగా ఆడిస్తున్నాడంటే చూస్తున్న వాళ్ళకి కళ్ళు చెమర్చాయి. ఇలాంటి వాళ్ళనే ఆ కాలంవాళ్ళు రాళ్ళతో కొడతారు, తర్వాతి కాలంవాళ్ళు విగ్రహాలు కట్టిస్తారు అనుకుంది బెర్తా.

ఆ ముసలాయన పేరు ఫ్రెడరిక్ ఫ్రోబెల్. అప్పటికి ఆయనకి అరవైయేడేళ్ళు. ఆయన పేరు మనలో చాలామందికి తెలియదు గానీ ఆయన పెట్టిన పేరు మాత్రం మన పిల్లలందరి నోళ్ళలోనూ వుంది. ఎల్‌కేజీ, యూకేజీ అంటున్నామే, అందులో 'కేజీ' ఆయనదే. పుస్తకాల సంచీ బరువు చూస్తే అది కిలోల లెక్కేమోననిపిస్తుంది గానీ, కాదు. కిండర్‌గార్టెన్ అంటే పిల్లల తోట. 1837లో బాద్ బ్లాంకెన్‌బుర్గ్ అనే వూళ్ళో చిన్న పిల్లల కోసం ఒక బడి తెరిచి, దానికి తగిన పేరు కోసం మూడేళ్ళు వెతుక్కుని, 1840లో ఆ పేరు పెట్టాడు. తోటలో మొక్కని కదలకుండా కూర్చోమని ఎవరూ అనరు కదా!

ఆయన జీవితం చదివితే మనసు కలుక్కుమంటుంది. 1782లో ఒక పాదిరీ ఇంట్లో పుట్టాడు. తొమ్మిది నెలలు నిండేసరికి తల్లి పోయింది. సవతితల్లి దగ్గరికి తీయలేదు. పెద్దయ్యాక పెళ్ళయింది గానీ పిల్లలు కలగలేదు. తల్లి ఒడి ఎరగనివాడూ, తన బిడ్డని ఎత్తుకోనివాడూ అయిన ఆ మనిషి 1844లో, అరవైరెండేళ్ళ వయసులో, తల్లుల కోసం ఒక పాటల పుస్తకం వేశాడు. తల్లి ఒళ్ళో బిడ్డని ఆడించే పాటలవి. ప్రతి పాటకీ ఒక బొమ్మ, చేతులూ వేళ్ళూ ఎలా ఆడించాలో చూపే గుర్తులు, తల్లికి నాలుగు మాటలు. తనకు దొరకనిదేదో లోకంలో పిల్లలందరికీ దొరకాలని వెతికాడేమో!

ఆ పాటలు ఆయన గాలిలోంచి పుట్టించినవి కావు. పల్లెటూరి తల్లులు ఏమీ అనుకోకుండా చేసే పనుల్నే కళ్ళప్పగించి చూశాడు. వెల్లకిలా పడుకున్న పసివాడు కాళ్ళు తపతపా కొట్టుకుంటుంటే తల్లి ఏం చేస్తుంది? తన అరచేతులు ఆ పాదాలకు అడ్డం పెడుతుంది. వాడు తంతాడు, ఆమె నెడుతుంది. నోటితో ఏదో రాగం తీస్తుంది. మనమూ చేశాం, మన తల్లులూ చేశారు. ఫ్రోబెల్ దాన్ని చూసి, బిడ్డ తన బలమేమిటో తెలుసుకునే మొదటి పాఠం ఇదే అన్నాడు. అడ్డం వచ్చిన చెయ్యి వుంటేనే కదా, నాకు కాలుందని వాడికి తెలిసేది!

ఇంకో ఆట వుంది. అరచేతులు తట్టుకుంటూ రొట్టె చేసే ఆట. చప్పట్లు కొట్టడం అయ్యాక తల్లి బిడ్డకి ఒక్కొక్కటీ చెబుతుంది. రొట్టె కాల్చేవాడికి పిండి ఎవరిచ్చారు? మర అతను. అతనికి గింజలెవరిచ్చారు? రైతు. రైతుకి పంట ఎవరిచ్చారు? నేల, వాన, ఎండ. పాలబుగ్గల పిల్లవాడు చప్పట్లతో మొదలుపెట్టి లోకమంతా తిరిగి వస్తాడు. మరో ఆటలో చెయ్యి నిలబెట్టి, గోపురం మీద గాలికి తిరిగే కోడిపుంజు బొమ్మలాగా మణికట్టు అటూ ఇటూ తిప్పాలి. మణికట్టుకి మంచి వాటం. అంతటితో అయిపోలేదు. కోడిని తిప్పేది గాలి. ఆ గాలి కనిపించదు. కనిపించనిది కూడా వుంటుందనీ, పని చేస్తుందనీ రెండేళ్ళవాడికి ఉపన్యాసం చెప్పి ఒప్పించగలమా? వాడి చెయ్యి వాడికి చెబుతుంది.

చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగే ఆటలు మరీ ముఖ్యం ఆయనకి. ఆలోచించి చూడండి. పక్కవాడి చెయ్యి వదలకూడదు. వాడికంటే ముందు పరిగెత్తకూడదు. తనవంతు వచ్చేదాకా ఆగాలి. పాట ఆగితే కాలు ఆగాలి. ఇన్ని ఆంక్షలు మామూలుగా పెడితే ఏ పిల్ల వింటుంది? పాట పెడితే వింటుంది. కుదురు నేర్పేది కదలికే అన్నమాట!

ఇంత మంచి పనిని ఎవరైనా కాదంటారా? ప్రష్యా ప్రభుత్వం కాదంది. 1851 ఆగస్టు 7న అక్కడి విద్యామంత్రి ఫాన్ రౌమర్ కిండర్‌గార్టెన్లన్నిటినీ నిషేధించాడు. అవి పిల్లల్ని నాస్తికులుగా తయారుచేసే సోషలిస్టు పన్నాగమట! ఫ్రోబెల్ అన్నకొడుకు కార్ల్ ఫ్రోబెల్ అని ఒకాయన వున్నాడు. ఆడపిల్లల పెద్ద చదువుల గురించీ కిండర్‌గార్టెన్ల గురించీ ఒక పుస్తకం రాశాడు. ఏలినవారు ఆయన్నీ ఈయన్నీ కలగలిపేశారు. ప్రతి చప్పట్ల పాట చివరా దేవుణ్ణి చూపించే మనిషి మీద వేసిన నింద నాస్తికత్వం! ముసలాయన రాజుగారికి విన్నవించుకున్నాడు. ఎవరూ వినలేదు. 1852 జూన్ 21న కన్ను మూశాడు.

కథ అక్కడితో ముగిసిపోవలసింది. ముగియలేదంటే ఆడవాళ్ళవల్ల. పిల్లలకు చదువు చెప్పే పనికి ఆడవాళ్ళు తగినవాళ్ళని నమ్మి, యువతులకు శిక్షణ ఇచ్చిన మనిషి ఆయన. ఆ రుణం వాళ్ళు తీర్చుకున్నారు. భార్య ల్యూయిసె హాంబుర్గులో ఆయన పని కొనసాగించి 1900 దాకా జీవించింది. స్నానాలకు వచ్చిన బెర్తా తన శేషజీవితమంతా దీనికే ఇచ్చింది. 1854లో లండన్ వెళ్ళింది. తర్వాత ఫ్రాన్స్, బెల్జియం, హాలండ్, ఇటలీ తిరిగింది. 1860లో నిషేధం ఎత్తేశారు. ఈలోగా 1856లో మార్గరెట్ షుర్జ్ అనే జర్మన్ ఇల్లాలు అమెరికాలో వాటర్‌టౌన్ అనే వూళ్ళో తన ఇంట్లోనే బంధువుల పిల్లల్నీ తన పిల్లనీ పోగేసి ఆ దేశపు మొదటి కిండర్‌గార్టెన్ నడిపింది. ఒక ప్రభుత్వం మూసిన తలుపుని ఇల్లాళ్ళు వంటింటి గుమ్మంలోంచి తెరిచారు.

అయితే పేరు నిలిచినంతగా ప్రాణం నిలవడం కష్టం. బడులు పెరిగాయి, బల్లలు వచ్చాయి, పాట నోటికీ ఆట మైదానానికీ విడిపోయాయి. సంగీతం అంటే కదలకుండా నేర్చుకునేది అయింది. ఆ తప్పు 1892లో జెనీవా సంగీత కళాశాలలో పాఠం చెప్పడానికి చేరిన ఎమిల్ జాక్ డాల్‌క్రోజ్ కంటపడింది. ఆయన శిష్యులు స్వరాలు తప్పు లేకుండా రాస్తారు, వాయిస్తారు, కానీ తాము రాసింది మనసులో వినలేరు. లయ నిలబడదు. అదే శిష్యులు వీధిలో నడిచేటప్పుడు అడుగు తప్పరు. వింటున్నప్పుడు వాళ్ళకి తెలియకుండానే పాదం తాళం వేస్తోంది. అంటే లయ లేక కాదు, దాన్ని ఒంట్లోంచి పిలవడం మనకు చేతకాక! శిష్యుల్ని తిట్టకుండా తన పాఠాన్ని తిట్టుకున్న గురువు ఆయన. బల్లలు పక్కకు తోసి, చెప్పులు విప్పించి, పాటకు నడిపించాడు. జెనీవా పెద్దమనుషులు ఆ ఉత్తకాళ్ళు చూసి నొచ్చుకున్నారు. ఆయన మానలేదు. 1915లో అదే వూళ్ళో సొంత సంస్థ పెట్టాడు.

ఇదంతా పాతకాలపు నమ్మకమంటారేమో. 2005లో కెనడాలో జెస్సికా ఫిలిప్స్ సిల్వర్, లారెల్ ట్రెయినర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఏడు నెలల పాపల మీద ఒక పరీక్ష చేశారు. ఎక్కడా వూనిక లేని ఒకే చప్పుడు వినిపిస్తూ, కొందరు పాపల్ని ఎత్తుకుని ప్రతి రెండో దెబ్బకీ, కొందర్ని ప్రతి మూడో దెబ్బకీ ఎగరేశారు. రెండు నిమిషాలంతే. తర్వాత రెండు రకాల తాళాలూ వినిపిస్తే, ఎవర్ని ఏ లెక్కన ఎగరేశారో ఆ తాళాన్నే వాళ్ళు ఎక్కువసేపు విన్నారు. కళ్ళకు గంతలు కట్టినా అంతే. కానీ ఎవరో ఎగురుతుంటే వూరికే చూసిన పాపలకి ఆ తేడా రాలేదు. ఒళ్ళు కదిలితేనే చెవి విన్నది. 2014లో అక్కడే పద్నాలుగు నెలల పిల్లలతో మరో పరీక్ష చేశారు. ఎదుటి మనిషితో కలిసి ఒకే తాళానికి ఎగిరిన పిల్లలు, ఆ తర్వాత ఆ మనిషి చేతిలోంచి వస్తువు జారిపడితే తీసివ్వడానికి ఎక్కువగా ముందుకొచ్చారు. చప్పట్ల ఆటలోంచి స్నేహం కూడా పుడుతుందన్నమాట.

ఇదంతా చెప్పేసరికి చెల్లెలు వరండా వైపు చూసింది. అమ్మ కాళ్ళు ఇంకా లేస్తున్నాయి, దిగుతున్నాయి.

"అయితే టీచర్‌తో దెబ్బలాడమంటావా?"

"దెబ్బలాట దేనికే? ఇరుకు గదిలో నలభైమందిని పెట్టుకుని ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? వెళ్ళి మాట్లాడు. పాట చెప్పే ఆ పదిహేను నిమిషాలూ ఆరుబయట నిలబెట్టమని అడుగు. కావాలంటే ఒకరోజు నువ్వే వెళ్ళి ఆడించు."

చెల్లెలు కాసేపు ఆలోచించి, నా కలం తీసుకుని, ఆ ఎర్రసిరా కింద నీలంసిరాతో ఏదో రాసి సంతకం పెట్టింది. నాకు చూపించలేదు.

సాయంత్రం మావాడు కాలేజీ స్నేహితుల దగ్గర్నుంచి వచ్చాడు. గుమ్మంలోనే పిల్ల వాడి రెండు చేతులూ పట్టుకుని చెమ్మచెక్క ఆడమని లాగింది. వాడు సిగ్గుపడుతూ నా వైపు చూశాడు. నేను రాసుకుంటున్న కాగితాలు పక్కన పెట్టేశాను. వాడు గొంతుక్కూర్చుని చెయ్యి చాపాడు. తాళం తప్పింది.

"అలా కాదన్నయ్యా, ఇలా!" అని వాడి పెద్ద చేతుల్ని తన చిన్న చేతుల్లోకి తీసుకుంది.